నిద్రలో కూడా లేచే చెయ్యి

"ఆగు! ఆగురా!"

వాడు ఆగడు. ఎందుకాగుతాడు?

మాదన్నపేట కూరగాయల మార్కెట్. రాత్రి ఎనిమిది. వాన ఇప్పుడే వెలిసింది. కాళ్ళ కింద బురద, నలిగిన కొత్తిమీర, పగిలిన టమాటాలు...

స్ఫూర్తి పరిగెడుతోంది.

ముందు నీలం చొక్కా. చేతిలో గోంగూర సంచీ. ప్రాణం మీదికి వచ్చినా ఆ సంచీ వదలడం లేదు దరిద్రుడు!

నీలం చొక్కా ఎడమకి తిరుగుతుంది. స్ఫూర్తీ తిరుగుతుంది.

ఉల్లిగడ్డల బండి!

తప్పుకోబోతుంది. భుజం తగులుతుంది. బండి ఒరుగుతుంది. సగం ఉల్లిగడ్డలు బురదలోకి దొర్లిపోతాయి.

"అరె దేఖ్ కే చలో అమ్మా! అంధీ హై క్యా? నా మాలంతా పాయె!"

జవాబు చెప్పే తీరిక లేదు. చున్నీ కింద, నడుము దగ్గర, ఇనుము చల్లగా తగులుతోంది.

నాటు పిస్తోలు.

ఒక్కటే తూటా. గురి తప్పితే ఇంకోటి లేదు.

తప్పదు! ఇవాళ తప్పనే తప్పదు!

చెవిలో ఇయర్‌ఫోన్. ఫోన్ లైన్లోనే ఉంది.

"యాడిదాక వచ్చిండు బిడ్డా?" శ్రీపాద గొంతు. నింపాదిగా ఉంది.

"మార్కెట్ దాటిండు బాపూ! యాకుత్‌పురా దిక్కు ఉరుకుతున్నడు!"

"ఉరకనియ్యి. పట్టాల దిక్కు తోలు వాన్ని. నేను అవతలి నుంచి వస్తున్న. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు."

"సరే బాపూ."

"చెయ్యి వణుకుతున్నదా?"

"లేదు!"

"వణికినా ఫికర్ జెయ్యకు. నా తాన ఇంకోటి ఉన్నది."

బాపు అంటుంది గానీ శ్రీపాద ఆమెకు తండ్రి కాదు. రైల్వేలో లోకో ఇన్‌స్పెక్టర్. ఇంజన్ నడిపేవాళ్ళకి పని నేర్పే పెద్దమనిషి. లాల్‌దర్వాజలో తాతల నాటి నుంచీ గుడి సేవ చేసిన ఇల్లు ఆయనది. స్ఫూర్తి తండ్రి పోయాక ఆమె అన్న ప్రభాకర్‌ని చెయ్యి పట్టుకుని ఇంజన్ ఎక్కించింది ఆయనే. తర్వాత స్ఫూర్తినీ ఎక్కించాడు. అన్న లోకో పైలట్ అయ్యాడు. చెల్లెలు అసిస్టెంట్ లోకో పైలట్ అయింది.

ఇప్పుడు అన్న లేడు.

అన్నని చంపినవాడు ముందు పరిగెడుతున్నాడు!

పేరు వంశీధర్. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీరు. చాంద్రాయణగుట్టలో ఒక కంపెనీలో ఉద్యోగం. ఆ కంపెనీ ఒక పెట్టె తయారు చేస్తుంది. రైలుని దానంతట అదే ఆపే పెట్టె.

ఇంజన్‌లో బిగిస్తారు దాన్ని. ముందున్న సిగ్నల్ ఏ రంగులో ఉందో లోపల తెర మీద చూపిస్తుంది. రెడ్ ఉన్నా డ్రైవరు ఆపకపోతే... అదే బ్రేకు వేసేస్తుంది. మనిషి మరిచినా పెట్టె మరవదు అన్నారు. ఇంజన్ల షెడ్డులో లడ్డూలు పంచారు.

పోయిన చలికాలం... తెల్లవారుజాము. పొగమంచు. ఒక చిన్న స్టేషన్ ముందు సిగ్నల్ రెడ్‌లో ఉంది. ప్రభాకర్ నడిపే ప్యాసింజర్ ఆగలేదు.

పెట్టె కూడా ఆపలేదు!

ముందు నిలబడి ఉన్న గూడ్సుని వెనక నుంచి గుద్దింది. ఏడుగురు పోయారు. ప్రభాకర్, పక్క సీట్లో ఉన్న అసిస్టెంట్ సామ్యూల్ అక్కడికక్కడే...

ఎంక్వైరీ వేశారు. రెండు ముక్కల్లో తేల్చేశారు.

మానవ తప్పిదం!

డ్రైవరు నిద్రపోయాడట. నిద్రపోయాడట! డ్యూటీ ఉందంటే ముందు రాత్రి సెల్‌ఫోన్ పక్క గదిలో పెట్టి పెందలాడే పడుకునే మనిషి!

ఉప్పుగూడలో వదిన అలివేలు ఇంటి గోడ మీద ఎవరో బొగ్గుతో రాశారు. హంతకుడి ఇల్లు అని. వదిన కడిగింది. మళ్ళీ రాశారు. మళ్ళీ కడిగింది. మూడోసారి ఇల్లే ఖాళీ చేసి వెళ్ళిపోయింది.

పాడె మొయ్యడానికి షెడ్డు నుంచి ఒక్కడు రాలేదు. శ్రీపాద ఒక్కడే వచ్చాడు. శ్మశానం దాకా భుజం మార్చుకోకుండా మోశాడు.

ఆ రోజే స్ఫూర్తి ఒట్టు పెట్టుకుంది. ఎవడు చేశాడో వాడి ప్రాణం తీస్తాను!

నిన్న సాయంత్రం శ్రీపాద ఇంటికొచ్చాడు. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

"దొరికిండు బిడ్డా. ఆ వంశీధర్‌గాడే! ఆఫీసుల కూసొని పెట్టెను బంద్ జేసిండు. సబూతు వాని ఫోన్ల ఉన్నది. రేపు రాత్రి బస్సుకు ఊరికి పోతున్నడు. పోయిండంటె మళ్ళ దొరకడు."

ఇవాళ పొద్దున పిస్తోలు తెచ్చాడు. పిడి వదులుగా ఉందని పసుపుపచ్చ టేపు చుట్టాడు. టేపు చివరని చిన్న ముక్కోణంగా మడిచాడు. షెడ్డులో ఆయన ఏది చుట్టినా అంతే. చీకట్లో కూడా గోటికి దొరకాలి, లాగితే ఊడి రావాలి అంటాడు. తర్వాత జేబులోంచి కుంకుమ పొట్లం తీసి పిస్తోలుకి బొట్టు పెట్టాడు.

"పనిముట్టును బొట్టు లేకుండ ముట్టొద్దు బిడ్డా."

దసరా ఆయుధపూజ నాడు షెడ్డులో ఇంజన్లన్నిటికీ గంధం, కుంకుమ ఆయన చేత్తోనే పెడతాడు. ఇంకొకరు పెడితే ఊరుకోడు.

అదుగో... నీలం చొక్కా గల్లీలోకి దూరింది!

సన్నటి గల్లీ. ఒకరికొకరు ఎదురైతే పక్కకి ఒదగాలి. ఎవరింట్లోనో ఉల్లిపాయలు వేగుతున్న వాసన. గడప ముందు ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన చాయ్ తాగుతున్నాడు.

"క్యా హువా బేటీ? చోర్ హై క్యా?"

"చోర్ కాదు చాచా! ఖూనీ!"

ఇంకేం అడగలేదు ముసలాయన. లేచి తన కుర్చీనే గల్లీలోకి తోసేశాడు.

వంశీధర్ కాలు కుర్చీకి తట్టుకుంది. బోర్లా పడ్డాడు. గోంగూర సంచీ ఎగిరిపోయింది. పాక్కుంటూ లేచాడు. కుంటుకుంటూ పరుగెత్తాడు.

"షుక్రియా చాచా!"

"పకడో ఉస్కో! ఛోడ్నా నక్కో!"

వదలదు. వదిలే రోజు కాదు ఇది!

గల్లీ చివర ప్రహరీగోడ. గోడకి ఒక కంత. జనం పట్టాలు దాటడానికి పగలగొట్టుకున్న దారి. వాడు అందులోంచి దూరాడు. స్ఫూర్తి కూడా దూరింది. గోడ గీరుకుని మోచేయి చిట్లింది. ఎవరికి కావాలి మోచేయి!

పట్టాలు.

చీకటి. తడిసిన కంకర. దూరంగా స్టేషన్ దీపాలు. దగ్గరలో స్తంభం మీద ఒక్కటే సిగ్నల్ వెలుగుతోంది. ఎర్రగా.

స్ఫూర్తి కుడిచెయ్యి దానంతట అదే సగం లేచింది!

పెదాలు కదిలాయి. "రెడ్..."

ఛీ! ఇప్పుడా! చెయ్యి దించేసింది.

ఏం చేస్తుంది మరి? శ్రీపాద పెట్టిన అలవాటు అది. ఇంజన్‌లో ఇద్దరుంటారు. ఒకరు 'ముంగట సిగ్నల్' అని అరవాలి. రెండోవాడు కుడిచెయ్యి చాచి దాన్ని చూపించి రంగు పలకాలి. మాట తప్పినా, చెయ్యి లేవకపోయినా వీపు విమానం మోత మోగించేవాడు.

"చెయ్యి లేవాలె. నోరు పలకాలె. నిద్రల గూడ!"

ఒట్టి మాట కాదు అది. ఒకసారి బోనాలప్పుడు లాల్‌దర్వాజలో ఆయన ఇంట్లో భోజనాలయ్యాయి. ఆయన మంచం మీద గురకపెడుతున్నాడు. ప్రభాకర్ కన్నుగీటాడు. స్ఫూర్తి ఆయన చెవి దగ్గరికి వెళ్ళి మెల్లగా అంది... "ముంగట సిగ్నల్!"

గురక ఆగలేదు. కళ్ళు తెరవలేదు. కుడిచెయ్యి మాత్రం ఠక్కున లేచింది!

"గ్రీన్!" అన్నాడు నిద్రలోనే.

అన్నాచెల్లెళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వులకి లేచి కూర్చున్నాడు ఆయన. కోప్పడలేదు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. గదే ఏదో ఒకనాడు మిమ్మల్ని బతికిస్తది."

అన్నని బతికించలేదు.

ముందు కంకర కదిలిన చప్పుడు! వంశీధర్ మళ్ళీ పడ్డాడు. ఈసారి లేవలేదు. మడమ పట్టుకుని పట్టాల పక్కనే కూలబడ్డాడు.

స్ఫూర్తి పిస్తోలు తీసింది. రెండు చేతులతో పట్టుకుంది. వాడి నుదుటికి గురిపెట్టింది.

"చెప్పు. మా అన్నను ఎందుకు సంపినవ్?"

"నేనా? నేను చంపడమేంటండీ!" వాడి పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. "మీరు ప్రభాకర్ గారి చెల్లెలు కదూ... ఎంక్వైరీలో చూశాను. ఒక్క మాట వినండి. మా అమ్మ మీద ఒట్టు, ఒక్క మాట!"

"ఏం జేయకపోతె ఎందుకు ఉరికినవ్?"

"తుపాకీ చూపిస్తే పరిగెత్తక ఏం చేస్తానండీ!"

అదీ నిజమే. అయినా గురి దించలేదు.

"మా అన్న నిద్రవోలె. మీ పెట్టె నిద్రవోయింది! నిజమా, కాదా?"

"నిజం."

ఠక్కున అనేశాడు!

బుకాయిస్తాడనుకుంది. కాళ్ళు పట్టుకుంటాడనుకుంది. ఈ మాట మాత్రం అనుకోలేదు.

"నిజమేనండీ. పెట్టె పాడైంది. తెర మీద అంతకు ముందు సిగ్నల్‌ది గ్రీన్ అలాగే నిలిచిపోయింది. బయట మంచు. కళ్ళకి ఏమీ కనపడదు. మీ అన్నయ్య ఆ తెరని నమ్మారు. ఆయన నిద్రపోలేదండీ. కళ్ళు తెరుచుకునే ఉన్నారు. ఆఖరున బ్రేకు కూడా వేశారు. కానీ అప్పటికే..."



ఇన్ని నెలల్లో మొదటిసారి ఒక మనిషి నోట విన్నది. ఆయన నిద్రపోలేదు! ఒరే... ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంటే వదిన ఆ గోడ కడుక్కునేదా!

"మరి ఇన్నొద్దులు నోరెందుకు మూసుకున్నవ్ రా?"

"కంపెనీ మూసుకోమంది. ఉద్యోగం పోతుందన్నారు. భయపడ్డాను. తప్పే చేశానండీ. కాదనను." కళ్ళు తుడుచుకున్నాడు. "కానీ ఒక్క పెట్టె పాడైనంత మాత్రాన ఎవరూ చావకూడదండీ! పాడైతే చెప్పడానికి రెండు ఏర్పాట్లు పెట్టాం. ఒకటి బజర్. చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. రెండోది ఎర్రలైటు. పెట్టెకి సరిగ్గా మధ్యలో ఉంటుంది. రెండిట్లో ఏ ఒక్కటి ఉన్నా మీ అన్నయ్యకి తెలిసిపోయేది. బండి ఆపేసేవారు."

"మరి?"

"బజర్ వైరు ఎవరో కోసేశారు!"

"అబద్ధం!"

"ఫోటో ఉందండీ! చూడండి... ప్రమాదం జరిగిన రోజు ఇంజన్‌లోకి ఎక్కి నేనే తీశాను!"

జేబులోంచి ఫోన్ తీశాడు. స్ఫూర్తి ఒక అడుగు దగ్గరికి వేసింది. పిస్తోలు వాడి నుదుటి మీదే ఉంది.

మొదటి ఫోటో. పెట్టె ముందు భాగం. అద్దం పగిలింది. మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ బొట్టు. ఎండిపోయి, గంధంతో గట్టిగా అంటుకుపోయి ఉంది.

"దసరాకి పెట్టిన బొట్టండీ. దేవుడి పేరు మీద పెట్టిన బొట్టుని ఎవరు తుడుస్తారు? నేనే తుడిచాను. తుడిస్తే..."

రెండో ఫోటో.

బొట్టు కింద చిన్న ఎర్రలైటు!

వెలుగుతోంది!

"బ్యాటరీ మీద అప్పటికీ వెలుగుతూనే ఉందండీ. పెట్టె పాడైందని అది చెబుతూనే ఉంది. బొట్టు కింద... ఎవరికి కనపడుతుంది?"



బొట్టు...

"మూడోది చూడండి. ఇదే అసలుది. ఇది పెట్టె వెనక వైపు. వైరు కోసి, చివర్లకి టేపు చుట్టారు. పనితనం తెలిసిన చెయ్యే చుట్టింది. ఎవరిదో నాకు తెలీదు. అందుకే మొన్న శ్రీపాద గారికి ఫోన్ చేశాను."

"ఎవరికి?"

"శ్రీపాద గారికండీ! షెడ్డులో పెద్దాయన కదా, ఆ టేపు ఎవరిదో గుర్తుపడతారని. ఊరెళ్ళి మా ఆవిణ్ణి, పిల్లని దింపి వచ్చి ఫోటోలన్నీ ఎంక్వైరీ వాళ్ళకి ఇచ్చేస్తాను, ఉద్యోగం పోతే పోనీ అని చెప్పాను. మంచిపని చేస్తున్నావు నాయనా అన్నారు."

వాడు వేళ్ళతో ఫోటోని పెద్దది చేశాడు.

పసుపుపచ్చ టేపు. టేపు చివర... చిన్న మడత.

ముక్కోణం!

స్ఫూర్తి బొటనవేలు పిస్తోలు పిడి మీద ఉంది. ఆ వేలి కింద ఏదో గుచ్చుకుంటోంది. చూడక్కర్లేదు. అయినా చూసింది.

పసుపుపచ్చ టేపు. చివర ముక్కోణం. పైన కుంకుమ బొట్టు.

కంచే చేను మేసింది!

పాడె మోసిన భుజం... పిస్తోలు ఇచ్చిన చెయ్యి... బిడ్డా అని పిలిచిన నోరు...

అప్పుడు గుర్తొచ్చింది.

ఫోన్! ఫోన్ పెట్టెయ్యలేదు! బాపు లైన్లోనే ఉన్నాడు!

చెవిలో ఊపిరి వినిపిస్తోంది. బరువుగా. దగ్గరగా.

"అన్నీ ఇన్నవా బిడ్డా?" అంది ఇయర్‌ఫోన్.

అదే మాట చీకట్లోంచి కూడా వినిపించింది!

సిగ్నల్ స్తంభం పక్క నుంచి శ్రీపాద నడిచి వచ్చాడు. తెల్ల లాల్చీ. నుదుట బొట్టు. ఎడం చేతిలో ఫోన్. కుడి చేతిలో రెండో పిస్తోలు. దానికీ పసుపుపచ్చ టేపే.

"కాల్చు వాన్ని" అన్నాడు. "పట్టాల మీద పడేద్దాం. రైలు కింద పడ్డడంటరు. పోయి అన్నం తిని పండుదువు."

"బాపూ... ఆ టేపు నీదేనా?"

"ముందుగాల కాల్చు."

"నీదేనా?" గట్టిగా అరిచింది.

శ్రీపాద ఆగిపోయాడు. ముఖం ఒక్కసారిగా ముసలిదైపోయింది.

"ఏం జెయ్యమంటవే? ఆ పెట్టె వచ్చినకాడికెళ్ళి ఒకటే లొల్లి! పిట్ట ఎగిరినా ఒర్రుడే! ఉత్తగనే బ్రేకు పడుడే! తలకాయ పలుగుతున్నదని పైలట్లు నా మీదికి వచ్చిరి. బండ్లు లేటయితున్నయని పైసార్లు నన్ను తిట్టిరి. వైరు కోసిన. లైటు ఉన్నది గద, సాలు అనుకున్న."

"ఆ లైటు మీదనే బొట్టు పెడ్తివి!"

"యాద్ లేదు బిడ్డా!" గొంతు పగిలింది ఆయనకి. "దేవుని తోడు, యాద్ లేదు! పెట్టె నడుమ గుండ్రంగ ఉన్నది. నొసలు లెక్క కనబడ్డది. పెట్టిన. మంచిగుండాలె అనే పెట్టిన! మీ అన్న నా ముంగటనే నిలబడి దండం పెట్టిండు."

ఒక్క క్షణం స్ఫూర్తికి జాలేసింది. ఆయన ఏడుస్తున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు. తెలిసి చంపలేదు. ఇది కూడా మానవ తప్పిదమే!

"గట్లనే చెప్పకపోతివి? ఎంక్వైరీల నిలబడి గీ మాటే చెప్పకపోతివి?"

"చెప్తె? నలభై ఏండ్ల నౌకరి! నేను నేర్పినోళ్ళు ఎన్ని బండ్లు నడుపుతున్నరో ఎరుకేనా? షెడ్డుల నా ఇజ్జత్ ఏంగావాలె?"

"మరి మా అన్న ఇజ్జత్?"

శ్రీపాద లాల్చీ చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"వాడు సచ్చిండు. సచ్చినోనికి ఇజ్జత్‌తోని ఏం పని?"

అంతే.

జాలి పోయింది. మిగిలింది ఒక్కటే. గోడ మీద బొగ్గు రాతలు, దాన్ని కడుగుతున్న వదిన చేతులు. వైరు కోయడం పొరపాటు కావచ్చు. బొట్టు పొరపాటు కావచ్చు. ఇది పొరపాటు కాదు!

"వాన్ని కాల్చు" అన్నాడు శ్రీపాద. గొంతులో తడి లేదు ఇప్పుడు. "ఆ ఫోన్ ఇటియ్యి. మనిద్దరం ఇంటికి పోదాం."

"కాల్చకపోతె?"

పిస్తోలు గొట్టం ఆమె వైపు తిరిగింది.

"బిడ్డవని సూస్తున్న. నీ చేతిల పిస్తోలు ఉన్నది, పక్కన వాని శవం ఉంటది, ఇద్దరు ఒకరినొకరు సంపుకున్నరంటరు. నన్ను గట్ల జెయ్యనియ్యకు."

వంశీధర్ గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఏదో గొణుగుతున్నాడు. ఏ దేవుణ్ణో పిలుస్తున్నాడు.

స్ఫూర్తి పిస్తోలు ఇంకా వాడి నుదుటి మీదే ఉంది. శ్రీపాద వైపు తిప్పాలంటే అర క్షణం కావాలి. ఆ అర క్షణం ఆయన ఇవ్వడు. ఆయన చెయ్యి వణకడం లేదు.

ఆయన చెయ్యి...

స్ఫూర్తి పెదవి కదపకుండా వంశీధర్‌తో అంది. "ఫోన్ జేబుల పెట్టుకో. నువ్వు బతకాలె. మా అన్న పేరు చెప్పాలె."

"ఏందే గుసగుస?"

"ఏం లేదు బాపూ. కాలుస్తున్న."

శ్రీపాద తల ఊపాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. భుజాలు సడలాయి.

ఆయన వెనక, స్తంభం మీద, సిగ్నల్ ఎర్రగా వెలుగుతూనే ఉంది.

స్ఫూర్తి గొంతు చించుకుని అరిచింది. ఇంజన్ మోతలో అరిచినట్టు. అన్న పక్క సీట్లో కూర్చుని అరిచినట్టు.

"ముంగట సిగ్నల్!"

నలభై ఏళ్ళ అలవాటు!

శ్రీపాద తల గిర్రున వెనక్కి తిరిగింది.

కుడిచెయ్యి లేచింది. ఠక్కున. పిస్తోలుతో సహా! స్తంభం వైపు తిన్నగా చాచుకుంది.

"రెడ్!" అంది ఆయన నోరు.

ఆ లోపే స్ఫూర్తి పిస్తోలు వంశీధర్ మీద నుంచి ఆయన వైపు తిరిగింది. ఆ మాట అన్నాక తెలిసింది ఆయనకి. ముఖం ఇటు తిరగబోయింది. కళ్ళల్లో భయం కనపడింది. తను నేర్పిన పాఠం తనకే...

రెడ్ అంటే ఆగాలి. అన్న చెప్పింది అదే. ఈయన నేర్పింది అదే. స్ఫూర్తి ఇంతవరకూ ఒక్క రెడ్ కూడా దాటలేదు.

ఇవాళ దాటింది.

ఢాం!